దుర్భిణి కొన్నావా, కొలబద్ద కొన్నావా?

పోయిన వారం ఒక తమ్ముడు వాట్సాప్‌లో ఫొటో పంపాడు. డైనింగ్ టేబుల్ మీద నల్లటి డబ్బా, అందులో స్పాంజి గూట్లో పడుకోబెట్టిన రైఫిల్ స్కోప్. కింద ప్రశ్న: "అన్నా, 6-24 బై 50. ఆరొందల గజాలకి సరిపోద్దా, ఇంకా పెద్దది తీసుకోవాల్సిందా?" (ఆరు నుంచి ఇరవై నాలుగు రెట్లు, అంటే 6 నుంచి 24 ఎక్స్ దాకా పెద్దగా చూపే జూమ్, ముందు అద్దం 50 మిల్లీమీటర్లు అని ఆ అంకెల అర్థం.) రైఫిల్ ఇంకా కొనలేదట. పట్టుచీర కొనేసి పెళ్ళిసంబంధం వెతుకుతున్నట్టుంది వ్యవహారం.

"సరిపోద్ది" అని ఒక్క ముక్క కొట్టి ఊరుకోవచ్చు. అబద్ధం కూడా కాదు. కానీ ఏడేళ్ళ క్రితం నేనూ ఇదే అడిగాను, ఇదే జవాబు విన్నాను, ఆ తర్వాత బోలెడన్ని శనివారాలూ తూటాలూ తగలేశాను. అసలు అడగాల్సింది అది కాదని నాకెవరూ చెప్పలేదు. (చెప్పినా వినేవాణ్ణి కాదేమో, అది వేరే సంగతి.) ఫోనులో వేలితో కొట్టి చెప్పే సంగతి కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

మేముండేది డాలస్‌కి ఉత్తరాన. ఇక్కడ మనవాళ్ళకి శనివారం పొద్దున అంటే క్రికెట్, కాదంటే పికిల్‌బాల్. గ్రీన్ కార్డు వచ్చాక నేను మూడో దారి పట్టాను: రైఫిల్ గురిపోటీలు. (హెచ్-1బీ మీద ఉన్నవాళ్ళు ఉత్సాహపడే ముందు చట్టం చూసుకోండి. వేట లైసెన్సులాంటి కొన్ని మినహాయింపులు తప్ప, ఆ వీసాతో తుపాకీ దగ్గర పెట్టుకోవడమే నేరం.) మిడ్ రేంజ్ అంటే ఇక్కడి పోటీల లెక్కలో 300, 500, 600 గజాలు. నాది .308 (తూటా వ్యాసం, అంగుళాల్లో), మామూలు బోల్ట్ రైఫిల్. 600 గజాల ఎఫ్-క్లాస్ (పడుకుని, స్కోప్‌తో కాల్చే పోటీ) టార్గెట్ మీద పది మార్కుల వలయం అడ్డంగా ఆరంగుళాలు. దాని నడుమ ఎక్స్ అనే చిన్న వలయం మూడంగుళాలు. అంటే అర కిలోమీటరు దాటిన దూరంలో ఒక చిన్న ఫలహారం ప్లేటు, దాని మధ్యలో ఒక నిమ్మకాయ.

ఆ ప్లేటు కనబడాలంటే పెద్ద అద్దం, పెద్ద అంకె ఉండాలని ఎవరికైనా తోస్తుంది. నేను కాదనేది ఇక్కడే. వంద గజాలకి జీరో చేసిన (అంటే ఆ దూరంలో గురిపెట్టిన చోటే తూటా పడేలా సర్దిన) .308 నుంచి 175 గ్రెయిన్ల బరువు తూటా వదిలితే, 600 గజాలు చేరేసరికి మనం గురిపెట్టిన గీతకి సుమారు ఎనిమిది అడుగులు కింద ఉంటుంది. ఎనిమిది అడుగులు! ప్లేటు సంగతి వదిలెయ్యండి, టార్గెట్ చట్రమే తప్పిపోయే దూరం అది. ఆ ఎనిమిది అడుగుల్ని స్కోప్ పైన ఉన్న టరెట్ (గురిని పైకీ కిందికీ జరిపే గుండ్రటి మర) తిప్పి, క్లిక్కులు లెక్కపెట్టి, ఆరంగుళాల్లోకి దించాలి. కనబడటం చాలా చిన్న సమస్య. కొలవడం పెద్ద సమస్య. మనం దుర్భిణి కొంటున్నామనుకుని కొలబద్ద కొంటాం. కొలబద్దని మాత్రం దుర్భిణిలా ఎంచుతాం.

ఈ మాట నా సొంతం కాదు. నాన్న పని చూస్తూ పెరగడం వల్ల వచ్చింది.

నాన్న థియడలైట్

నాన్న నాగార్జునసాగర్ ఎడమ కాలువ మీద వర్క్ ఇన్‌స్పెక్టరు. మిర్యాలగూడ చుట్టుపక్కల పిల్ల కాలువల వెంబడి డంపీ లెవెలూ థియడలైటూ (సర్వే దుర్భిణులు) మోసుకుంటూ తిరిగేవారు. వేసవి సెలవుల్లో ఎర్ర, నలుపు గళ్ళ స్టాఫ్ (కొలత కర్ర) పట్టుకుని నిలబడటం నా ఉద్యోగం. జీతం ఒక గోలీసోడా.

ఒకసారి నన్ను కంటి దగ్గరికి పిలిచి చూడమన్నారు. స్టాఫ్ మీద అంకెలు తలకిందులుగా, ఎంత దగ్గరగానో కనిపించాయి. "అబ్బ, ఎంత పెద్దగా కనబడుతోందో!" అన్నాను. "పెద్దగా కనబట్టం కాదురా, గీత ఎక్కడుంది?" అన్నారు. తర్వాత తలని కొంచెం పైకీ కిందికీ కదపమన్నారు. కదిపితే అంకెల మీద అడ్డగీత కూడా కదిలింది. "చూశావా? కన్ను కదిపితే గీత కదిలిందంటే అది చెప్పే రీడింగు అబద్ధం." ఆ అబద్ధం పేరు పారలాక్స్ అని డిప్లొమా చదివేటప్పుడు పుస్తకంలో కనబడింది. అప్పటికది పాత చుట్టమే.

నాన్న దాన్ని సరిచేసే పద్ధతికి ఒక వరస ఉండేది. ముందు ఖాళీ ఆకాశం వైపో, తెల్ల కాగితం వైపో తిప్పి, కంటి దగ్గరి మరతో గీతల్ని నల్లగా, పదునుగా తెచ్చుకోవాలి. ఆ తర్వాతే స్టాఫ్ వైపు తిప్పి రెండో మర సర్దాలి. వరస మారిస్తే ఎంతకీ కుదరదు. రైఫిల్ స్కోప్‌కీ అచ్చంగా అదే. వెనక కంటి దగ్గర తిరిగే డయాప్టర్ రింగు రెటికల్ (లోపలి గురిగీతలు) కోసం, పక్కనున్న గుండ్రటి మర దూరం కోసం. మా రేంజ్‌కి కొత్తగా వచ్చేవాళ్ళలో చాలామంది మొదటిదాన్ని ముట్టుకోరు. రెండోదాన్ని బొమ్మ స్పష్టంగా కనబడేదాకా తిప్పి ఆపేస్తారు. బొమ్మ స్పష్టంగా ఉన్నా పారలాక్స్ మిగిలిపోవచ్చు. తల కదిపి చూస్తేనే తెలుస్తుంది. మర మీద అచ్చు వేసిన 300, 600 అంకెలు కూడా ఉజ్జాయింపులే.

ఎంత తేడా వస్తుందో లెక్క వేసుకోవచ్చు. పక్క మర లేని చవక స్కోపుల్లో చాలావాటికి పారలాక్స్‌ని వంద గజాల దగ్గర స్థిరంగా పెట్టేస్తారు. ముందు అద్దం 40 మిల్లీమీటర్లదనుకుంటే, కన్ను పూర్తిగా అంచుకి జరిగినప్పుడు 600 గజాల దగ్గర తప్పు దాదాపు వంద మిల్లీమీటర్లు, అంటే నాలుగంగుళాలు. పది వలయం నడిమి నుంచి అంచుకి మూడే. ట్రిగ్గర్ తప్పు లేకుండా, గాలి తప్పు లేకుండా, చెంప ఆనించిన చోటు కాస్త మారినందుకే తొమ్మిదిలోకి పోవచ్చు. మిడ్ రేంజ్‌కి కొనే స్కోప్‌కి పక్క మర ఉండి తీరాలని నేను పట్టుబట్టేది ఇందుకే. 24 ఎక్స్ లేకపోయినా బతకొచ్చు.

మూడు డిగ్రీల కథ

ఇక నా బుద్ధిమంతనం. స్కోప్ నేనే బిగించుకున్నాను. ఇంటర్నెట్‌లో దొరికే రెండు చిన్న రసమట్టాలు కొన్నాను. ఒకటి రైఫిల్ రిసీవర్ (బోల్టు కదిలే ఇనుప గూడు) మీద పెట్టాలి, రెండోది స్కోప్ పైటోపీ (టరెట్ మూత) మీద. రెండు బుడగలూ నడిమధ్యకి వస్తే స్కోప్ రైఫిల్‌కి సూటిగా ఉన్నట్టు. వచ్చాయి. బిగించాను. వంద గజాల దగ్గర జీరో చేస్తే పది తూటాలూ అంగుళం పైచిలుకు గుంపులో, నడిమధ్యన. మూడొందల దగ్గర కూడా బాగానే ఉంది. ఇంటికొచ్చి మా ఆవిడకి ఆ కాగితం చూపించాను. ఆవిడ దాన్ని ఫ్రిజ్ మీద అంటించలేదు గానీ, "బాగుంది" అంది.

ఆరొందల దగ్గర మొదలైంది తంటా. అన్నీ కుడికి. నాలుగు, ఐదు, ఒక్కోసారి ఏడంగుళాలు. మా రేంజ్ పడమటి ముఖం. ఇక్కడ ఏడాదిలో ఎక్కువ రోజులు దక్షిణపు గాలే. పడమటికి తిరిగి కాలిస్తే ఆ గాలి ఎడమ నుంచి వచ్చి తూటాని కుడికి తోస్తుంది. ఇంకేం, దొంగ దొరికాడు. గాలి లెక్క పెంచాను. మరుసటి శనివారం ఎడమకి పోయాయి. గాలి తగ్గిందనుకున్నాను. ఆ పై శనివారం మళ్ళీ కుడికి.

తర్వాత ఎక్కడో చదివాను, తూటా గిరగిరా తిరుగుతూ పోవడం వల్ల కుడి మెలి బ్యారెల్ నుంచి వెళ్ళింది తనంతట తానే కొంచెం కుడికి జరుగుతుందని. నిజమే, ఆరొందల దగ్గర అది కొద్ది అంగుళాలుంటుంది. రెండో దొంగ దొరికాడు. ఒక్క తప్పుకి రెండు సమాధానాలు చేతిలో ఉన్నాయి, రెండూ శాస్త్రబద్ధమే. మనిషి మూడోదాని కోసం ఎందుకు వెతుకుతాడు?

నవంబరులో ఒక పొద్దున మంచు కమ్మి, జెండాలు కర్రలకి అతుక్కుపోయి ఉన్నాయి. ఆకు కదలడం లేదు. ఐదు తూటాలు కాల్చాను. ఐదూ కుడికి, ఐదంగుళాలు, ఒకే చోట. పక్క బెంచి మీద రోజూ కనబడే పెద్దాయన ఉన్నారు, డెబ్భై దాటినవారు. నా టార్గెట్ తన స్పాటింగ్ స్కోప్‌లో చూసి, "నీ గుంపు బాగుంది, నీ స్కోపే వంకరగా ఉంది" అన్నారు. రసమట్టాలు పెట్టి బిగించానని కాస్త పౌరుషంగానే చెప్పాను. ఆయన వాదించలేదు. లైనులో అందరూ కాల్పులు ఆపినప్పుడు పాతిక గజాల దగ్గరి చట్రానికి ఒక దారం కట్టి, దాని కొసకి ఒక పెద్ద నట్టు వేలాడదీసి వచ్చారు. మన మేస్త్రీల తూకపు గుండే. రైఫిల్ బోల్టు తీయించి, స్టాండులో పెట్టించి, చూడమన్నారు.

దారం నిలువుగా ఉంది. నా రెటికల్ నిలువుగీత లేదు.

పై కొస కుడికి ఒరిగి ఉంది. మహా అయితే మూడు డిగ్రీలు. గడియారంలో నిమిషాల ముల్లు అరనిమిషంలో జరిగేంత. మామూలుగా చూస్తే కన్ను పట్టుకోదు. కానీ లెక్క పట్టుకుంటుంది. టరెట్ పైకి తిప్పితే గురి ఆ ఒరిగిన గీత వెంబడే పోతుంది. ఎనిమిది అడుగులు పైకి ఎక్కించాలంటే మూడు డిగ్రీల వాలు మీద ఎక్కిస్తున్నాను. 96 అంగుళాలకి మూడు డిగ్రీల సైను వేస్తే ఐదంగుళాలు. వంద దగ్గర తిప్పేదేమీ లేదు కాబట్టి తప్పు సున్నా. మూడొందల దగ్గర అంగుళంలోపు, అంటే నా గుంపు వెడల్పులోనే దాక్కుంది. ఆరొందల దగ్గరే బయటపడింది.

రసమట్టాలు అబద్ధం చెప్పలేదు. నేనే తప్పు ప్రశ్న అడిగాను. రిసీవర్ పైభాగం చదునని నేననుకున్నాను. స్కోప్ టోపీ లోపలి రెటికల్‌కి సూటిగా ఉంటుందని కూడా అనుకున్నాను. తయారీలో ఆ రెండింటికీ ఒకదానితో ఒకటి ఒప్పందమేమీ లేదు. అసలు సంగతేమిటంటే, స్కోప్ రైఫిల్‌కి సూటిగా ఉండాల్సిన అవసరమే అంతగా లేదు. రెటికల్ భూమికి సూటిగా ఉండాలి. తూటా కింద పడేది రైఫిల్ చెప్పిన దిక్కుకి కాదు, గుండు వేలాడే దిక్కుకి. రెటికల్ నిలువుగా ఉండి రైఫిల్ కొంచెం ఒరిగినా వచ్చే తేడా లెక్కలోకి రానంత చిన్నది. రైఫిల్ నిటారుగా ఉండి రెటికల్ ఒరిగితే మాత్రం నా మూడు నెలల కథ.

థియడలైట్ స్టాండు పాతినప్పుడు నాన్న మొదట చేసే పని మట్టం చూడటం. కింద గుండు వేలాడదీసి, రాయి మీద గుర్తుకి దాన్ని చేర్చడం. అది కళ్ళారా చూస్తూ పెరిగినవాణ్ణి. టెక్సాస్‌లో ఒక పెద్దాయన నట్టుకి దారం కట్టి చూపిస్తేగానీ గుర్తుకు రాలేదు.

పెద్ద అంకెల మోజు

ఇంతవరకూ చదివినవాళ్ళు ఒక ఎదురుప్రశ్న వేస్తారు: ఎఫ్-క్లాస్ గెలిచేవాళ్ళ రైఫిళ్ళ మీద 40, 50 ఎక్స్ స్కోపులు కనబడతాయి కదా? నైట్‌ఫోర్స్ వాళ్ళు 15-55 స్కోప్‌ని ఈ పోటీల కోసమే చేశారు కదా? నిజమే. అచ్చంగా ఒకే దూరంలో, కదలని కాగితం మీద, ముందు బైపాడ్, వెనక ఇసుక సంచీ పెట్టుకుని, వలయాన్ని అర్ధభాగం పావుభాగం చేసి గురిపెట్టేవాళ్ళకి ఆ అంకె పనికొస్తుంది. వాళ్ళతో నాకు గొడవ లేదు. కాకపోతే వాళ్ళు గుండూ దారమూ టార్క్ రెంచీ (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే తాళం) అన్నీ ఎప్పుడో దాటి వచ్చినవాళ్ళు. మనం వాళ్ళ ఆఖరి మెట్టు చూసి మొదటి మెట్టు కొంటున్నాం.

అటుపక్క ఉదాహరణలు కూడా చూడండి. అమెరికా సైన్యం 1988లో తెచ్చిన ఎమ్24 స్నైపర్ రైఫిల్ మీద ఉన్నది 10 ఎక్స్ ల్యూపోల్డ్. మెరైన్ల ఎమ్40ఏ1 మీద 10 ఎక్స్ అనర్టల్. రెండిటికీ జూమ్ లేదు. ఇంకా దిగువకి రండి. ఇక్కడి సర్వీస్ రైఫిల్ (సైనిక తరహా రైఫిళ్ళ) పోటీల్లో 2016 దాకా స్కోపే నిషిద్ధం. అప్పుడు అనుమతించారు గానీ 4.5 ఎక్స్ దాటకూడదన్నారు. వాళ్ళు 600 గజాలు కాలుస్తారు, పడుకుని, సంచీలేవీ లేకుండా, భుజానికి పట్టీ బిగించుకుని. 2012లో లండన్‌లో పతకం తెచ్చిన మన హైదరాబాద్ గగన్ నారంగ్ ఆడిన ఆటలో అయితే దుర్భిణికి చోటే లేదు. దూరం పది మీటర్లేననుకోండి, కానీ అక్కడ పది గురి చుక్క అర మిల్లీమీటరు.

24 ఎక్స్ నాకు చేసిన అపకారం ఒకటి చెప్తాను. ఒక చిన్న పోటీలో జూమ్ పూర్తిగా పెంచి పడుకున్నాను. ఆ జూమ్‌లో కన్ను ఒక్క టార్గెట్‌కే అతుక్కుపోతుంది, కింద ఉండే నంబరు పలక మీదికి కూడా పోదు. రెండు తూటాల మధ్య రైఫిల్ కొంచెం సర్దుకున్నాను. మూడోది కాల్చాను. చక్కటి ఎక్స్. పక్కవాడి టార్గెట్ మీద. నాకు సున్నా. పక్కాయన మర్యాదగా థాంక్స్ చెప్పాడు. 12 ఎక్స్‌లో ఉంటే అటూ ఇటూ రెండేసి పలకలు కనబడేవి.

ఇక ఎండ. మే నెల దాటితే ఇక్కడ నేల కాగుతుంది, గడ్డి మీద ఎండమావులు లేస్తాయి. 24లో చూస్తే టార్గెట్ పాలు పొంగినట్టు పొంగుతుంది, నల్ల వలయం ఎక్కడుందో వెతుక్కోవాలి. 12కో 15కో దించితే ఆ పొంగు సన్నటి వాగులా మారి, ఏ పక్కకి పారుతోందో కనబడుతుంది. అది గాలి దిక్కు. అంటే అంకె తగ్గిస్తే ఎక్కువ సమాచారం వస్తుంది. పొద్దుగూకేటప్పుడు కూడా అంతే: 50 మిల్లీమీటర్ల అద్దాన్ని 25 ఎక్స్‌తో భాగిస్తే కంట్లోకి వచ్చే వెలుగుచుక్క రెండు మిల్లీమీటర్లు, 10తో భాగిస్తే ఐదు.

ఒక సందేహం మాత్రం నన్ను వదలదు. నాకు యాభై రెండేళ్ళు. కళ్ళజోడు నంబరు రెండేళ్ళకోసారి మారుతోంది. ఇరవై ఐదేళ్ళ సైనికుడికి 10 ఎక్స్ సరిపోయిందని నాకు చెప్పడం న్యాయమా? పూర్తిగా కాదు. నేనూ 18 ఎక్స్ దాకా ఉన్నదే వాడుతున్నాను, 14 దగ్గర ఉంచుతాను. తమ్ముడు కొన్న 6-24 చెడ్డదని నేననడం లేదు. ఆ 24 చూసి కొన్నందుకే నా బాధ.

మరి ఏం చూడాలి

ట్యూబు 34 మిల్లీమీటర్లయితే వెలుగెక్కువ వస్తుందని షాపులో చెబుతారు. వెలుగు తెచ్చేది ముందు అద్దం. ట్యూబు లావైతే లోపల గురి జరపడానికి చోటు ఎక్కువ, అంతే. ఆరొందల గజాలకి .308తో 15 ఎంఓఏ, అంటే నాలుగున్నర మిల్లు చాలు (రెండూ కోణాన్ని కొలిచే కొలతలు, లెక్క కిందే ఉంది), కాబట్టి 30 మిల్లీమీటర్ల ట్యూబుకి కూడా ఇది పెద్ద బరువు కాదు. వెయ్యి గజాల ఆశ ఉంటే 20 ఎంఓఏ వాలున్న రెయిల్ (స్కోప్ కూర్చునే పట్టా) ముందే వేయించుకోండి.

మిల్లా ఎంఓఏనా అన్న పంచాయితీలో నేను తలదూర్చను. వంద మీటర్లకి పది సెంటీమీటర్లు ఒక మిల్లు, ఒక క్లిక్కు సెంటీమీటరు. మీటర్లలో పెరిగినవాడికి నోటిలెక్క. వంద గజాలకి అంగుళం కన్నా పిసరు ఎక్కువ ఒక ఎంఓఏ. అంగుళాల వలయాల కాగితం మీద అదే హాయి. ఏదైనా సరే, రెటికల్‌దీ టరెట్‌దీ ఒకే కొలత కావాలి. పాత స్కోపుల్లో చాలావాటికి లోపల మిల్లు చుక్కలు, పైన ఎంఓఏ క్లిక్కులు ఉండేవి. ఎకరాల్లో కొని గుంటల్లో అమ్మినట్టు, ప్రతి తూటాకీ 3.438తో గుణించుకోవాలి. రెటికల్ ముందు ఫోకల్ ప్లేన్‌లో ఉంటే (బొమ్మతో పాటు గీతలూ పెరుగుతాయి) ఏ జూమ్‌లోనైనా గీతల కొలత నిజం. వెనక ప్లేన్‌లో ఉంటే ఒక్క జూమ్ దగ్గరే నిజం. దూరం ముందే తెలిసిన కాగితం ఆటకి వెనకదైనా నష్టం లేదు.

అన్నిటికన్నా పెద్ద గుణం డబ్బా మీద కనబడదు: టరెట్ మీద పది అంటే నిజంగా పదే తిరగడం. మూడు శాతం తప్పే ఉందనుకోండి. 15 ఎంఓఏ మీద అది దాదాపు అర ఎంఓఏ, ఆరొందల దగ్గర మూడంగుళాలకి కొంచెం తక్కువ. నడిమి నుంచి పది వలయం అంచుదాకా. తెలుసుకునే దారి తేలికే. వంద గజాల దగ్గర పొడుగాటి అట్ట నిలబెట్టి, గుండు దారంతో నిలువుగీత గీసి, కింద చుక్కకి గురిపెట్టి ఐదు తూటాలు. ఐదు మిల్లులు తిప్పి అదే చుక్కకి గురిపెట్టి ఇంకో ఐదు. రెండు గుంపుల నడుమ సరిగ్గా 18 అంగుళాలుండాలి. పై గుంపు గీత మీదే ఉండాలి. మొదటిది టరెట్ నిజాయితీ, రెండోది మన బిగింపు నిజాయితీ. ఒకే కాగితం మీద ఇద్దరు సాక్షులు. టేపు పెట్టేముందు వంద గజాలు నిజంగా వందేనా చూసుకోండి; రేంజ్ బోర్డులు కూడా మనుషులు పాతినవే.

రైఫిల్‌కి పెట్టినంత డబ్బు స్కోప్‌కీ పెట్టాలని ఇక్కడొక సామెతలాంటి మాట ఉంది. నాకది నచ్చదు. ఆ డబ్బులో కొంత తగ్గించి స్కోప్‌ని రైఫిల్‌కి పట్టి ఉంచే మంచి రింగులూ, అంగుళం-పౌండ్లలో చదివే టార్క్ రెంచీ, రెండొందల తూటాలూ కొంటే గుంపు ఎక్కువ బాగుపడుతుంది. రింగు మరల్ని చాలా కంపెనీలు 15 నుంచి 18 అంగుళం-పౌండ్లు చాలంటాయి. ఎంత తక్కువో తెలియాలంటే మామూలు ఎల్ తాళంతో "గట్టిగా" బిగించి చూడండి. సులువుగా రెండింతలు దాటిపోతుంది. అల్యూమినియం గొట్టం నొక్కుకుని లోపల మర పట్టేస్తుంది. ఆ తర్వాత "ఈ కంపెనీ స్కోపులు తిరగవు" అని తిడతాం.

బిగించేటప్పుడు ముందు రైఫిల్ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసి, బోల్టు తీసి పక్కన పెట్టండి. తర్వాత కళ్ళు మూసుకుని, కాల్చేటప్పటిలాగే చెంప ఆనించి, కళ్ళు తెరవండి. నిండు వలయం కనబడకపోతే మెడ సాచకండి, స్కోప్‌ని ముందుకో వెనక్కో జరపండి. పడుకుని కాల్చేవాళ్ళు పడుకునే చూసుకోవాలి. బెంచి దగ్గర సరిపోయింది నేల మీద సరిపోదు. మరల్ని ఒక పక్కే పూర్తిగా బిగిస్తే గొట్టం ఆ పక్కకి దొర్లుతుంది, దారం చూసి కుదిర్చిందంతా పోతుంది. ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగిస్తూ, ప్రతిసారీ దారం వైపు చూడాలి.

గాలి ముందు ఇవన్నీ ఎంత?

ఈ వాదనకి బలమైన అడ్డు నాకు నేనే చెప్పుకుంటాను. గంటకి పది మైళ్ళ అడ్డగాలి .308 తూటాని ఆరొందల గజాల దగ్గర ముప్ఫై అంగుళాలకి పైనే తోస్తుంది. గాలి అంచనాలో రెండు మైళ్ళు తప్పితే ఆరంగుళాలు పోయినట్టే. ఎంత అనుభవం ఉన్నవాడికైనా రెండు మైళ్ళ తప్పు మామూలు. అలాంటప్పుడు ఒక డిగ్రీ వాలుకి ఒకటిన్నర, పారలాక్స్‌కి ఒకటి, టరెట్‌కి రెండు అని అంగుళాలు ఏరుకోవడం, ఇల్లు కాలుతుంటే బొగ్గులు లెక్కపెట్టడం కాదా?

చాలాకాలం దీనికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడున్న జవాబు నా మూడు నెలలే. గాలి తప్పు ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకి. తప్పు చేశాక జెండా వైపు చూసి, ఎందుకు తప్పామో తెలుసుకుని, రేపటికి కొంచెం నేర్చుకుంటాం. బిగింపు తప్పు అలా కాదు, ప్రతిసారీ ఒకే పక్కకి, గాలి వేషం వేసుకుని వస్తుంది. నేను మూడు నెలలు గాలిని చదవలేదు. నా స్కోప్ వంకరని గాలి అనుకుని చదివాను. గాలి నిజంగా ఎనిమిది మైళ్ళున్న రోజు నా తలలో పది మైళ్ళని ముద్ర పడింది. ఆ ముద్ర చెరుపుకోవడానికి ఇంకో ఆరు నెలలు పట్టింది. ఐదంగుళాలు పోతే పోయాయి. గాలి అనే గురువు మాట కూడా తప్పుగా వినబడింది, దానికే నాకు ఇప్పటికీ కడుపుమంట.

ఇదంతా తమ్ముడికి ఫోనులో చెప్పబోతే, "అన్నా, ఆదివారం వచ్చి చూస్తా" అన్నాడు. నిన్న వచ్చాడు. రేంజ్‌లో పాతిక గజాల దగ్గర దారం కట్టాను, కొసకి నాన్న గుండు. ఇత్తడిది, పోయినసారి ఇండియా నుంచి సూట్‌కేసులో తెచ్చుకున్నాను. నా రైఫిల్ బోల్టు తీసి స్టాండులో పెట్టి, స్కోప్ గొట్టానికి బిగించిన చిన్న బుడగ నడిమధ్యకి వచ్చేదాకా సర్ది, "ఇప్పుడు చూడు, నిలువుగీతా దారమూ ఒక్కటైపోతాయి" అని పక్కకి తప్పుకున్నాను.

చాలాసేపు చూశాడు. తల పైకీ కిందికీ కదిపాడు కూడా, చెప్పింది బాగానే విన్నాడు.

"ఏమైంది?"

"దారం బానే ఉందన్నా."

"మరి?"

"మీ గీతే కొంచెం ఎడమకి పోయినట్టుంది. నాకు చూడటం రాక అట్లా కనబడుతుందేమో."

నేను చూశాను. బుడగ నడిమధ్యనే ఉంది. ఆ బుడగ పట్టీ ఎప్పుడు జరిగిందో, ఎన్ని శనివారాలుగా జరిగి ఉందో. పోయిన నెల స్కోర్ల గురించి నేను గాలిని ఏమేమి తిట్టానో గుర్తొస్తోంది. తమ్ముణ్ణి సంచీలోంచి టార్క్ రెంచ్ తీసిమ్మన్నాను.